మబ్బుల లేచిన ఊరు

మా ఊళ్ళో డిగ్రీలు లేవు. ఎండ ఎంత ఉందో చెప్పడానికి కోడి ఉండేది, చలి ఎంత ఉందో చెప్పడానికి కొబ్బరినూనె సీసా ఉండేది. కోడి గోడ నీడన రెక్కలు దించి, నోరు తెరిచి రొప్పుతుంటే ఇక ఆ పూట ఎడ్లను విప్పొద్దని బాపుకు తెలిసేది. సీసాలో నూనె తెల్లగా పేరుకుని, బోర్లించినా కదలకపోతే అవ్వ సందూకలోంచి బొంతలు తీసేది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని తర్వాతెప్పుడో చదువుకున్నాను. అంటే ఆ సీసా మాకు చలి వచ్చిందని చెప్పేదే గాని ముదిరిందని చెప్పేది కాదు. ముదిరిన సంగతి చెప్పడానికి బాపమ్మ మడమలు ఉండేవి. ఆ పగుళ్ళలో రూపాయి బిళ్ళ నిలబెట్టొచ్చని మేం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వుతూనే ఆముదం వేడిచేసి పోసుకునేది.

పాత ఆదిలాబాద్ జిల్లాలో జైనథ్ వైపు మా ఊరు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఎటు చూసినా సముద్రం చాలా దూరం. దగ్గర్లో సముద్రం ఉంటే అది ఎండకూ చలికీ మధ్యన పెద్దమనిషిలా నిలబడి సర్దుతుంది. మాకు అలా సర్దిచెప్పే దిక్కు లేదు. చంద్రపూర్‌ను మాడ్చిన వడగాలే మే నెలలో మా మీదికి వచ్చేది. 45, 46 డిగ్రీలు మాకు వింత కాదు. పుష్యంలో గాలి ఉత్తరానికి తిరిగేది. మబ్బు తునక లేని రాత్రుల్లో నేల తన వేడంతా ఆకాశానికి వదిలేసి, తెల్లారేసరికి 5 డిగ్రీలకు దిగువన చల్లబడిన రోజులూ ఉండేవి. నలభై డిగ్రీల తేడా. ఆ రెండు కొసలకూ మాకున్నది ఒకటే ఇల్లు, అవే మంచాలు, అవే గొంగళ్ళు. పత్రికలవాళ్ళు మా జిల్లాను ఏటా రెండుసార్లు తప్పకుండా తలుచుకుంటారు: మే నెలలో రామగుండం, రెంటచింతల పక్కన, జనవరిలో లంబసింగి పక్కన. మిగతా ఏడాదంతా మేం గుర్తురాము.

ఎండాకాలం మా దినం మబ్బుల మొదలయ్యేది. మబ్బులంటే మేఘాలు కాదు, తెలవారకముందు ఉండే మసక చీకటి. సూర్యోదయం అనే మాట నేను బడిలో నేర్చుకున్నదే తప్ప ఇంట్లో విన్నది కాదు. పొద్దు పొడిచేసరికి ఊళ్ళో సగం పని అయిపోయేది కనుక దానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదనుకుంటాను. పత్తికట్టె పీకడం, గుంటుక తోలడం, పెంట తోలడం అన్నీ మబ్బుల పనులే. వెన్నెల రోజులైతే పెంటబండ్లు రాత్రంతా నడిచేవి. చేన్ల నుంచి అంబటాల్లకు, అంటే అంబలి తాగే వేళకు, మనుషులూ ఎడ్లూ ఇల్లు చేరేవాళ్ళు. "పొద్దు నెత్తిమీదికి రాకముందే ఇంట్ల పడాలె బిడ్డా" అని బాపమ్మ రోజూ ఒకటే పాట. ఇక పగటీలి మా ఊరు చూస్తే అర్ధరాత్రిలా ఉండేది. వాడకట్టులో మనిషి కనపడడు, తలుపులన్నీ మూసి ఉంటాయి, కుక్క కూడా బావి దగ్గరి బురదలో పొట్ట ఆనించి పడుకుంటుంది.

పిల్లలం మాత్రం ఆగేవాళ్ళం కాదు. అందుకని మా కోసం పగటి దయ్యాన్ని పెట్టారు. చింతచెట్ల కింద మిట్టమధ్యాహ్నం తెల్లచీర కట్టుకుని తిరుగుతుందనీ, పేరు పెట్టి పిలుస్తుందనీ చెప్పేవాళ్ళు. మా కాలంలో ఆ దయ్యం కాపాడినంతమంది పిల్లల్ని ఏ డాక్టరూ కాపాడలేదని నా గట్టి నమ్మకం. పొద్దు వాలేసరికి అది వెళ్ళిపోయేది. మాపటీలి మళ్ళీ పని మొదలు.

ఇల్లు కూడా ఈ లెక్కలోనే కట్టుకున్నది. మూరెడుకు పైన మందం ఉన్న మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూనపెంక. తలుపులు పొట్టివి, కిటికీలు లేవనే చెప్పాలి. బయటి నుంచి వచ్చినవాళ్ళు గాలీ వెలుతురూ లేని ఇల్లు అనేవాళ్ళు. నిజమే, లేవు. కాని నడి ఎండలో లోపలికి అడుగుపెడితే బావిలో దిగినట్టుండేది. మట్టిగోడ ఎండను మింగుతుంది. అయితే మింగినదాన్ని కలకాలం దాచుకోదు. పొద్దుటి నుంచి మింగిన వేడి నెమ్మదిగా గోడలో నడిచి లోపలి ముఖానికి చేరేసరికి రాత్రయ్యేది. అప్పటికి మేమందరం వాకిట్లో ఉండేవాళ్ళం. పగలు మనుషులు లోపల, వేడి బయట. రాత్రి వేడి లోపల, మనుషులు బయట. గోడకూ మాకూ మధ్య ఇలా వంతులు నడిచేవి. చలికాలం ఆ గోడే మధ్యాహ్నపు ఎండను దాచి రాత్రికి మాకు ఇచ్చేది. గోడకు వీపు ఆనించి కూర్చుంటే తాత కడుపుకు ఆనుకున్నట్టుండేది.

వాకిలి పడక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. పొద్దుగూకగానే రెండు బిందెల నీళ్ళు వాకిట్లో చిలకరించేవాళ్ళం. నేల బుస్సుమని ఆవిరి వదిలేది. ఆ ఆవిరి పోయేదాకా మంచాలు వెయ్యొద్దు, వేస్తే కిందనుంచి ఉడుకు తగులుతుంది. తర్వాత నులకమంచాలు వరసగా. నులక కిందినుంచి కూడా గాలి ఆడుతుంది, పరుపు మీద ఆ సుఖం రాదు. దుప్పటి తడిపి పిండి కప్పుకునేవాడు మా చిన్నాయిన. రెండు జాములకు అది ఎండిపోతే లేచి మళ్ళీ తడిపేవాడు. మంచాల వరసలో తాత మొదట, మగపిల్లలు చివర. ఆడబిడ్డల మంచాలు పెరట్లో. కొత్త కోడళ్ళకు మాత్రం ఆ గాలి లేదు. వాళ్ళు అర్రలోనే, వేడి కక్కే గోడల మధ్యనే పడుకునేవాళ్ళు. నేను పెద్దయి మా వదినను అడిగితే "ఎండాకాలం మూడేండ్లు చుక్కలు చూడలే మరిదీ" అంది. కొడుకు పుట్టాక ఆమె మంచం పెరట్లోకి వచ్చింది. ఇంటిల్లిపాదీ పగటీలి నీడన పడుకున్నప్పుడు పొయ్యి ముందు ఉన్నదీ ఆమే. మే నెలలో పొయ్యి ముందు ఎన్ని డిగ్రీలు ఉంటాయో ఏ వాతావరణ కేంద్రమూ కొలవలేదు.

నీళ్ళకు రంజన్. మూతి వెడల్పుగా, పొట్ట గుండ్రంగా ఉండే పెద్ద మట్టి కాగు అది. కింద ఇసుక పోసి, దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టేవాళ్ళం. చేనికి పోయేవాళ్ళ భుజాన సొరకాయ బుర్ర ఉండేది. దాన్ని ఎండపెట్టి, లోపలి గుజ్జు తీసేసి, నీళ్ళు పోసి, తడిబట్ట చుట్టి పట్టుకెళ్ళేవాళ్ళు. ఎండ ఎంత కాస్తే బుర్రలో నీళ్ళు అంత చల్లగా ఉండడం నాకు చిన్నప్పుడు మాయలా తోచేది.

ఆ మాయను విప్పి చెప్పింది మా బడికి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సైన్సు సారు. మొదటి వేసవిలో ఆయన్ని చూసి అందరం జాలిపడ్డాం, బందరు వైపు మనిషి, మా ఎండకు తట్టుకోలేడని. ఆయన మాత్రం చెమట తుడుచుకోకుండా తిరిగేవారు. తుడుచుకోవడానికి చెమట ఉండేది కాదు మరి. "మీ ఎండ వేపుతుందయ్యా, మా ఎండ ఉడకబెడుతుంది. నాకు వేపుడే నయం" అనేవారు. తర్వాత నల్లబల్ల మీద రంజన్ బొమ్మ గీసి, పక్కన మనిషి బొమ్మ గీసి, రెంటికీ చుక్కలు పెట్టారు. కుండకు చెమట పడుతుంది, మనిషికీ పడుతుంది. చెమట ఆరిపోతే చల్లబడతాయి, ఆరకపోతే లేదు. గాలి మన చర్మం కన్నా వేడెక్కాక, అంటే 35 డిగ్రీలు దాటాక, మనిషికి ఇక వేరే దారి లేదు. ఆ ఆరిపోవడం ఒక్కటే దిక్కు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. మా పొడిగాలిలో అది ఇట్టే ఆరుతుంది. బందరులో గాలే తడి గనుక చెమట కారుతుంది గాని ఆరదు. అందుకే అక్కడి 38 ఇక్కడి 43 కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. రంజన్, తడి దుప్పటి, కచేరీల కిటికీలకు కట్టే వట్టివేళ్ళ తడికలు, ఆ తర్వాత నాగపూర్ నుంచి లారీల్లో దిగిన ఇనప కూలర్లు, అన్నీ ఆ ఒక్క కిటుకు మీదే బతికాయి.

అయితే పొడిగాలికి ఒక మోసం ఉంది. చెమట కనపడదు కనుక ఎంత నీరు పోయిందో తెలియదు. నాకు అది ఇరవయ్యో ఏట తెలిసింది. హైదరాబాదులో హాస్టల్లో చదువుకుంటూ మే నెలలో ఇంటికి వచ్చాను. బస్సు దిగిన చోటి నుంచి ఊరికి నాలుగు మైళ్ళు. పుట్టి పెరిగిన ఊరి ఎండ నన్నేం చేస్తుందిలే అని మధ్యాహ్నం ఒంటిగంటకు నడక మొదలుపెట్టాను. ఊరి చింతచెట్లు కనపడుతున్నాయి, కాని దగ్గరికి రావడం లేదు. ఒళ్ళంతా పొడిగా కాలుతోంది, చలి వేస్తున్నట్టు కూడా ఉంది. అంతవరకే గుర్తు. ఎడ్లను మేపుకొస్తున్న పిల్లగాడు చూసి మనుషుల్ని తెచ్చాడట. బాపమ్మ ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకూ అరచేతులకూ రుద్దింది. అవ్వ తడిచీర కప్పి విసనకర్రతో విసిరింది. మామిడికాయ కాల్చి, ఉప్పూ బెల్లమూ వేసి పిసికిన నీళ్ళు తాగించారు. నన్ను బతికించింది ఉల్లిగడ్డే అని బాపమ్మ పోయేదాకా చెప్పింది. తడిచీరా, విసనకర్రా, ఉప్పునీళ్ళూ అని నా అభిప్రాయం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

నేను పోగొట్టుకున్నదేమిటో తర్వాత తెలిసింది. వరసగా పది, పద్నాలుగు రోజులు ఎండలో పనిచేస్తే ఒళ్ళు కొత్త విద్య నేర్చుకుంటుంది. చెమట ముందే పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది, నెత్తురులో నీటి పాలు పెరుగుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1930లలోనే కొత్త కూలీలకు ఇలా రోజుల తరబడి వేడి అలవాటు చేసి లోపలికి దింపేవారు. అయితే ఈ విద్య పుట్టుకతో వచ్చేది కాదు, దాచుకుంటే ఉండేదీ కాదు. కొన్ని వారాలు నీడపట్టున ఉంటే పోతుంది. ఉగాది నుంచి రోజూ ఇంత ఇంత ఎండ మింగిన మా పాలివాళ్ళ పిల్లలకు అది ఉంది. ఫ్యాను కింద కూర్చుని పరీక్షలు రాసి వచ్చిన నాకు లేదు. సొంత ఊరు నన్ను పరాయివాణ్ణి చేసి కొట్టింది.

చలి సంగతి వేరు. చలికి ఒళ్ళు నేర్చుకునేది చాలా తక్కువ. వణుకుతుంది, చర్మం కిందికి నెత్తురు రాకుండా ముడుచుకుంటుంది, అంతే. మిగతాదంతా మనిషి నేర్చుకోవాలి. నాకు తెలిసినవాళ్ళలో ఆ విద్య అందరికన్నా బాగా వచ్చినవాడు మా ఇంట్లో జీతమున్న మనిషి. వయసులో బాపు కన్నా పెద్ద. అయినా నేను పేరు పెట్టే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను "చిన్న పటేలా" అనేవాడు. కాకా అని పిలవడం నేను చదువుకున్నాక నేర్చుకున్నది. అప్పటికి ఆయన మా దగ్గర మానేశాడు.

జొన్న కంకి గట్టిపడే వేళకు అడవిపందులు దిగేవి. చేనిలో మంచె కట్టి రాత్రంతా కావలి ఉండాలి. పుష్యం, మాఘం చలి అది. మాఘమాసంలో మాకులు వణుకుతాయంటారు. ఇగం పెడుతోందని మేం ఇంట్లో బొంతల్లో దూరితే ఆయన చేనికి పోయేవాడు. ఒకసారి ఏడ్చి గోల చేసి నేనూ వెంట వెళ్ళాను. మంచె కింద నెగడు రాజేశాడు. నేను మంటకు దగ్గరగా చుట్టచుట్టుకుని పడుకోబోతే లేపాడు.

"నిప్పు పక్కన పంటే ఒక దిక్కు కాలుతది, ఇంకో దిక్కు గడ్డకడ్తది. గట్ల గాదు పటేలా. నిప్పును జరిపి దాని జాగల పండాలె."

జామురాత్రి దాకా మంట మండనిచ్చి, నిప్పుల్ని కట్టెతో పక్కకు నెట్టి, కాలిన నేల మీద గుప్పెడు మందాన మట్టి చల్లి, ఆ పైన జొన్నచొప్ప పరిచాడు. దాని మీద ఇద్దరం, పైన గొంగడి. తెల్లవారుజామున కోడి కూసేదాకా ఆ నేల కింద ఎవరో పొయ్యి పెట్టినట్టే ఉంది. నాకు ఆ తర్వాత చాలా పరుపులు దొరికాయి గాని అటువంటిది దొరకలేదు. అయితే పొద్దున వెలుగులో ఆయన కాళ్ళు చూశాను. మోకాళ్ళ కింద చర్మమంతా గోధుమరంగు వల అల్లినట్టు మచ్చలు. ఏళ్ళ తరబడి నెగడు ముందు కూర్చున్నవాళ్ళకు వచ్చే మచ్చలు అవి. మా బాపు కాళ్ళకు లేవు.

ఆ గొంగడి ఆయన జీతంలో భాగం. నెలకు ఇన్ని కుంచాల జొన్నలు, ఏడాదికి జత చెప్పులు, ఒక గొంగడి అని మాట. దక్కనీ గొర్రె బొచ్చు వడికి కురుమవాళ్ళు నేసేవాళ్ళు. చింతగింజల గంజి పట్టించి కుంచెతో తోమితే బిరుసెక్కి నీళ్ళు దిగకుండా తయారవుతుంది. చలికి కప్పుకోవడం, వానకు కొప్పెర వేసుకోవడం, కోతలప్పుడు ధాన్యం మూట కట్టడం, పంచాయితీలో పరిచి కూర్చోవడం, అన్నీ దానితోనే. ఎండాకాలం కూడా ఆయన దాన్ని మడిచి నెత్తిన వేసుకుంటే మేం నవ్వేవాళ్ళం. ఉన్ని సందుల్లో నిలిచిన గాలి లోపలి వేడిని బయటికి పోనియ్యనట్టే బయటి వేడిని లోపలికీ రానియ్యదని అప్పుడు మాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఎందుకని అడిగితే "గొర్రె ఎండల తిరుగుతలేదా?" అన్నాడు.

పత్తి రాత్రుల గురించి కొంచెం చెప్పాలి. దీపావళి దాటాక ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తిబండ్లు కట్టేవాళ్ళం. ముందురోజు మాపటీలి బయలుదేరితే అర్ధరాత్రికి చేరేవాళ్ళం. అప్పటికే రోడ్డు పొడుగునా వందల బండ్లు. ఒక్కోసారి మా వంతు రావడానికి రెండు రాత్రులు పట్టేది. చలి కొరుకుతుంటుంది, కాని నెగడు వేయకూడదు. అంత పత్తి మధ్య ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీ తాగాలన్నా దూరంగా టీ హోటల్ దాకా నడిచిపోవాలి. ఎడ్ల మీద గోనెపట్టాలు కప్పి, బాపూ నేనూ బండిలో పత్తిని తొలిచి గుంత చేసుకుని అందులో మెడదాకా దిగేవాళ్ళం. పది నిమిషాల్లో ఒళ్ళు వెచ్చబడేది. ముక్కు మాత్రం బయట, మంచుముక్కలా. పత్తిగింజ వాసన, ఎడ్ల నెమరు చప్పుడు, ముందు బండిలో ఎవరో మరాఠీలో గొణుక్కోవడం. రాజులకు కూడా అంత పత్తి మీద పడుకునే యోగం లేదని బాపు అనేవాడు. మర్నాడు ధర ఎంత పలికినా రాజరికం అక్కడితో సరి. వట్టిబండి మీద తిరుగు ప్రయాణం. అసలు చలి అప్పుడు తెలిసేది. రొంటిన డబ్బు ఉండేది, కాని డబ్బు వెచ్చగా ఉండదు.

మా మేనమామది బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని. సింగరేణివాళ్ళు గనిని బాయి అనే అంటారు. ఆయనకు ఈ గోలేమీ లేదు. లోపల ఎప్పుడూ ఒకటే కాలమని చెప్పేవాడు. డిసెంబరులో రాత్రి షిఫ్టుకు దిగితే వెచ్చగా ఉంటుందట. మేలో దిగితే ఎండ తగలదు గాని గాలి తడి, చెమట ఆరదు. "దీనికి మీ ఎండే నయం" అనేవాడు. బందరు సారుకూ ఆయనకూ ముఖపరిచయం లేదు, ఇద్దరిదీ ఒకే మాట.

చలిని పండగ చేసుకున్నది గోండులు. దీపావళికి దండారి ఆడేటప్పుడు గుస్సాడీలు నెత్తిన నెమలీకల కిరీటం, ఒంటికి బూడిద తప్ప పైన గుడ్డ లేకుండా ఊరూరూ తిరుగుతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్ళు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు తేవడానికి చెప్పులు లేకుండా రోజుల తరబడి నడుస్తారు. తిరిగి వచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఆస్ట్రియా నుంచి వచ్చి ఈ అడవుల్లో ఏళ్ళు గడిపి, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకం వేసిన హైమెండార్ఫ్ కూడా ఈ చలిని అనుభవించే ఉంటాడు. ఆరుబయట పడుకున్నవాడి దుప్పటి తెల్లారేసరికి మంచుతో తడిసిపోతుంది, మర్రికింద పడుకున్నవాడిది తడవదు. నేల వదిలే వేడిని ఆకులు పైకి పోనియ్యవు. నేను ఒక జాతరలో రెండుచోట్లా పడుకుని చూశాను. ఆకాశం కింద ఒక రాత్రి నాకు చాలింది.

ఇదంతా చదివి ఆ కాలమే బాగుండేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పుష్యం దాటిన ముసలోళ్ళకు ఇంకో ఏడు రాసి ఉందని మా ఊళ్ళో అనేవాళ్ళు. మా బాపమ్మ దాటలేదు. ఒక తెల్లవారుజామున కుంపటి చల్లారిపోయి ఉంది, ఆమె గోడవైపు ముడుచుకుని ఉంది. ఆ నెలలో వాడలో మరో ఇద్దరు. బాలింతల గదుల్లో కుంపటి పొగకు పసిపిల్లల కళ్ళు ఎర్రగా వాచిపోయేవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పుకుని నవ్వేవాళ్ళం గాని మనుషులూ పడిపోయేవాళ్ళు. రాసేవాడు లేడు. ఎండకు చచ్చాడని కాదు, "పానం ఆగింది" అని అనేవాళ్ళు. మందం గోడలు మాకున్నాయి, తడికె గోడల గుడిసెలు మా దగ్గర పనిచేసినవాళ్ళవి. ఓర్పు అందరికీ కావలసి వచ్చింది, ఓర్చుకునే సాధనాలు మాత్రం సమంగా పంచుకోలేదు.

తర్వాత కరెంటు వచ్చింది, ఫ్యాను వచ్చింది. మట్టి ఇల్లు పడగొట్టి మా తమ్ముడు స్లాబు వేశాడు. స్లాబు కూడా ఎండను మింగుతుంది, కాని పల్చనిది, పొద్దువాలకముందే కక్కడం మొదలుపెడుతుంది. వాకిట్లో సిమెంటు పోశారు, నీళ్ళు చల్లితే జారుతుంది తప్ప మట్టివాసన లేదు. దోమలూ దొంగల భయమూ మంచాల్ని లోపలికి నెట్టాయి. కూలర్లు పదేళ్ళు రాజ్యం చేశాయి, ఆ తర్వాత ఏసీ. నాకు ఏసీ మీద కోపం లేదు. ఎనభై దాటిన మా అవ్వ 2015 వేసవి దాటింది దాని పుణ్యమే. ఆ మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఎండకు చచ్చిపోయినవాళ్ళు రెండు వేలకు పైనే. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు, ఇల్లు లేనివాళ్ళు. నా కోపమంతా రేకుల మీద. మట్టిగోడ పోయి స్లాబు రాని ఇళ్ళన్నిటికీ రేకులు వచ్చాయి. పగలు పెనం, రాత్రి మంచుగడ్డ. మా జిల్లా శత్రువులిద్దర్నీ ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టే కప్పు అంతకన్నా మరొకటి లేదు. తడికె గుడిసెలో అయినా గాలి ఆడేది.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చచ్చిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం. మంచిదే. ఎండకు చచ్చాడని కాగితం మీద రాయడం మొదలైంది కనుక.

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్ళాను. అలవాటు పోక మబ్బుల మెలకువ వచ్చింది. తమ్ముడి ఇంట్లో అందరూ తలుపులు బిగించుకుని నిద్రలో ఉన్నారు. రంజన్‌లో తులసిచెట్టు పెట్టారు. గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆ చీకట్లో వాడకట్టు నుంచి పదిహేను, ఇరవైమంది ఆడవాళ్ళు పారలు, తట్టలు పట్టుకుని వస్తున్నారు. ఉపాధిహామీ పనికి. చెరువు పూడిక తీసి, పొద్దు ఎక్కేలోపు తిరిగి రావాలి. వాళ్ళలో కాక మనవరాలు ఉంది. నన్ను గుర్తుపట్టి ఆగింది. తాత పోయి ఆరేళ్ళయిందని చెప్పింది. ఇల్లు ఎక్కడని అడిగితే, పాతచోటే, రేకులు వేసుకున్నామంది.

చంకన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా. దానికి తడిగుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది.